ఒకటో తారీఖు ఆటో

కంచిలి,
1 జులై 2024

బిందుమాధవికి సుభద్ర రాసేది.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. మొన్న మనిద్దరం ఫోనులో అనుకున్న మాటలన్నీ మీ ఆయన స్పీకరు పెట్టి విన్నాడట. విని మీ బావగారికి ఒప్పజెప్పాడట. తోడికోడళ్ళం తిట్టుకుంటే అన్నదమ్ములిద్దరూ కూర్చుని తీర్పు చెప్పే ముచ్చట నాకు అక్కర్లేదు. ఇకమీద నేను చెప్పాల్సింది అత్త సంచిలో మందుల అడుగున ఉంటుంది. ఆ సంచి మగాళ్ళు ముట్టరు. ముట్టుకుంటే మందు వెయ్యాల్సి వస్తుందని వాళ్ళ భయం.

జూన్ నా వంతు అయింది, జులై నీది. ఢిల్లీబాబు ఆటోలో పంపుతున్నాను. పడిపోకుండా పాత చీరతో సీటుకి కట్టాను, దించేటప్పుడు ముడి చూసి విప్పు. మీ బావగారు వెనక కూర్చోరు. డ్రైవరు పక్కన కూర్చుంటారు, ముక్కుకి గాలి తగలాలి కదా.

పోయిన వారం అత్త చేసిన పని నోటితో చెప్పలేను, రాస్తాను. అన్నం వార్చి వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉండలు చుడుతోంది. ఆరు ఉండలు గోడవార వరసగా పేర్చి ఉన్నాయి, అన్నీ ఒక్క కొలత. ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా కొబ్బరి ఉండలు చుట్టి పెట్టిన చేతులు కదా, కొలత తప్పలేదు. ఏడోది నా చేతికిచ్చి, "తినవే, బెల్లం సరిపోనాదో నేదో సూడు" అంది. అవి దేనితో చేసిందో నీకు రాయక్కర్లేదు. అప్పట్నుంచి కొబ్బరి వాసన తగిలితే నాకు డోకొస్తోంది. ఈ ఊళ్ళో కొబ్బరి వాసన తగలని చోటు చూపించు, వెళ్ళి అక్కడ కూర్చుంటాను.

మూడేళ్ళ కిందట ఈమె పేర్లు మరిచిపోవడం మొదలెట్టినప్పుడు మనమేం చేశాం? ఉద్దానం మనుషులం కదా, రక్తం తీయించాం. క్రియాటినిన్ సున్నా పాయింట్ తొమ్మిది వచ్చిందని వీధంతా మిఠాయి పంచాం. కిడ్నీ బాగుంటే మనిషి బాగున్నట్టే అనుకున్నాం. బుర్ర సంగతి ఎవరికీ తట్టలేదు. విశాఖపట్నం డాక్టరు మతి పూర్తిగా పోతుందని చెప్పేసరికి రెండేళ్ళు గడిచిపోయాయి.

ఆమె నీళ్ళ పిచ్చి నీకు తెలుసు. ముప్పై ఏళ్ళు ఊరి బోరు నీళ్ళు గుక్కెడు తాగలేదు, మనల్ని తాగనివ్వలేదు. రోజూ బిందె పట్టుకుని అంతదూరం తోటలో నూతికి పోయేది. ఆ పుణ్యానే మనింట్లో ఎవరికీ ఆ కిడ్నీ జబ్బు రాలేదని ఇప్పటికీ మీ బావగారంటారు. ఇప్పుడు మంచం మీద కూడా పొద్దస్తమానం "నీల్లు, నీల్లు" అంటూనే ఉంటుంది. పాత పిచ్చే, పట్టించుకోకు.

ఒక్క మరక లేకుండా పంపుతున్నాను చూసుకో. పోయినసారి నీ దగ్గర్నుంచి వచ్చినప్పుడు సీటు కడుగుతూ ఢిల్లీబాబు నా ఎదురుగా ముక్కు మూసుకున్నాడు, తల తీసేసినట్టయింది. ఈసారి నువ్వు పంపేటప్పుడు కూడా ఇలాగే రావాలి.

సుభద్ర


పలాస,
4 జులై

సుభద్రక్కకు బిందు నమస్కారాలు.

మీ ఉత్తరం మందుల కింద దొరికింది. జవాబు ఢిల్లీబాబుకే ఇస్తున్నాను, వారానికి రెండుసార్లు ఇటు వస్తాడు కదా.

శుభ్రంగా పంపారు, ఒప్పుకుంటాను. వీధిలో దించుతుంటే ఎదురింటి వరహాలమ్మగారు "పెద్దకోడలు బాగా సూసుకుంతంది" అన్నారు, నాకు వినపడేలాగే. కానీ అక్కా, లోపలికి ఎత్తుకొస్తుంటే చేతుల్లో బరువు తెలియలేదు. అనుమానం వచ్చి మీ మరిది జీడిపిక్కలు తూచే కాటా మీద కూర్చోబెట్టాను. నలభై ఒకటి. మే ఆఖరున నేను పంపినప్పుడు నలభై అయిదు. నెలలో నాలుగు కిలోలు ఎక్కడికి పోయాయి? అడగకూడదు, మీరు పెద్దవారు. అడుగుతున్నాను.

దిగగానే చెంబుడు నీళ్ళు ఎత్తిపట్టి తాగేశారు. ఇంకో చెంబు అడిగి అదీ తాగారు. ఆ రెండు చెంబులూ సాయంత్రం మా సింధూర స్నేహితురాలు ఎదురుగా ఉండగా సోఫా మీద పోశారు. పోసి, "వానొచ్చినాది, బట్టలు తియ్యండి" అన్నారు. ఆ అమ్మాయి లేచి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది.

మీకు కొబ్బరి, నాకు అన్నం. కుడిచేత్తో కలపలేకపోతున్నాను. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా గోళ్ళ సందుల్లో ఆ వాసన ఉన్నట్టే ఉంటుంది. నేను పిచ్చిదాన్ననుకున్నాను. ముద్ద కలిపి పెడితే పిల్ల కూడా మొహం పక్కకి తిప్పేసింది. "అమ్మా, నీ చెయ్యి" అంది, అంతే. పదిహేడేళ్ళుగా నా చేతి ముద్ద తిన్న పిల్ల. ఇప్పుడు చెంచాతో తానే పెట్టుకుంటోంది, నేను వండినవి కూడా వాసన చూసి తింటోంది.

మరక లేకుండా పంపమన్నారు కదా, అలాగే పంపుతాను.

బిందు


కంచిలి,
12 జులై

బిందూ,

అత్తని జీడిపిక్కల కాటా మీద పెట్టావా? గ్రేడు కూడా కట్టి ఉంటావు. నా ఇంట్లో ఆమెకి మూడు పూటలా తిండి అందుతుంది. ఆ నాలుగు కిలోలు నా వంటింటి అటక మీద దాచలేదు, వచ్చి వెతుక్కో.

పోయిన నెల నిమ్మాడ చుట్టాలు వచ్చారు. గుమ్మంలోనే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "సుబద్రా, నీది పున్నెం. అత్తని పసిపాపలా సూత్తన్నావు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పసిపాప పాలవాసన వేస్తుంది. ఇవాళ పక్క తడిపిన పాప రేపు చెప్పి పోస్తుంది. ఈమె ఇవాళ చెప్పగలిగింది రేపు చెప్పలేదు. మనిషి పీతి మనిషి పీతే, దాన్ని ముద్దు చేసి మాట్లాడేవాళ్ళు ఎవరూ ఒక్క గుడ్డ ఉతకలేదు. కాఫీ పెడతానంటే కూడా తాగకుండా లేచారు. నా చేతి కాఫీ కదా. నీకు సింధూర చేసిందే నాకు వాళ్ళు చేశారు.

మీ బావగారి సంగతి ఇంకా బాగుంటుంది. ఆ గదిలో అడుగు పెట్టరు. "మాయమ్మనలాగ సూడ్లేను, గుండె తరుక్కుపోతాది" అంటారు. గుండె తరుక్కుపోయేవాళ్ళు తోటకి పోతారు. గుండె లేని నేను గుడ్డలు పిండుతాను. ఆయన భోజనానికి కూర్చుని "అమ్మ తిందా" అని అడిగితే కంచం ఎత్తి నెత్తిన కొట్టాలనిపిస్తుంది. కొట్టలేదులే. పెరుగు వడ్డించాను.

నన్ను కాటాతో అడిగావు కనుక నేనూ అడుగుతున్నాను. మేలో మీ ఇంటి నుంచి వచ్చినప్పుడు నడుము మీద పుండు ఉంది. అది ఏ కాటాకి అందుతుంది?

సుభద్ర


పలాస,
1 ఆగస్టు

అక్కకు,

అత్తయ్యగారిని పంపుతున్నాను. పుండు మానింది, చూసుకోండి. ఒక్క మరక లేదు, అదీ చూసుకోండి. మీ మరిది కూడా ముందు సీట్లోనే కూర్చున్నారు.

గుండు చేయించాం. రావివలస మల్లికార్జునస్వామికి మొక్కు. ఎవరైనా అడిగితే అలాగే చెప్పండి.

ఇంకా రాయాల్సినవి ఉన్నాయి. ఆటో బయట హారను కొడుతోంది.

బిందు


కంచిలి,
6 ఆగస్టు

బిందుమాధవికి,

ఎవరైనా అడిగితే చెప్పమన్నావు. ముందు నేనే అడుగుతున్నాను.

పెద్దకొడుకు లేకుండా తల్లి తలనీలాలు ఇచ్చే మొక్కు ఎక్కడిది? రావివలస మీకు అంత దగ్గరైతే మాకేమైనా కాశీయా? ఒక్కమాట చెబితే మేం కూడా రాలేమా? మీ బావగారు ఆ గుండు చూసి వరండాలో కూలబడిపోయారు. "తమ్ముడు నన్ను ఇడిసిపెట్టి ఎల్నాడు" అని రెండు పూటలు అన్నం ముట్టలేదు. తల్లి గదిలోకి రాని మనిషి తల్లి గుండు గురించి ఏడ్చారు, అది వేరే సంగతి. ఇంతకీ మీ ఆయన నాగేంద్రం మొక్కుకున్నది దేనికి? అమ్మ తొందరగా వెళ్ళిపోవాలనా?

మొక్కు గుండని తెలిసి వీధిలో ఆడవాళ్ళు వచ్చి దండం పెట్టుకుంటున్నారు. నిన్న ఒకావిడ భక్తిగా పసుపు రాసింది. అత్త ఆవిడ చెయ్యి పట్టుకుని కరిచేసింది. "అమ్మవోరు పూనినాది" అని ఆవిడ ఇంకా సంతోషంగా వెళ్ళింది.

నేను ఆ పసుపు కడుగుతూ గాట్లు లెక్కపెట్టాను. పదకొండు. గుడి దగ్గర రోజుకి వంద గుండ్లు చేసే మంగలి ఇలా గీస్తాడా? నీకు నేనంటే కోపముంటే నాతో తేల్చుకో, ఆ బుర్ర మీద తీర్చుకోకు.

కురిడీ కొబ్బరి తూచే కాటా మా ఇంట్లోనూ ఉంది. అవును, పెట్టాను, నవ్వుకో. ముప్పై ఎనిమిది. నలభై ఒకటి ముప్పై ఎనిమిది ఎలా అయింది? మొన్న దించగానే కుడితి తొట్టి దగ్గరికి దేక్కుంటూ పోయింది. దూడ పక్కన మూతి పెట్టబోతుంటే లాక్కొచ్చాను. ఆ కుడితి, ఆ ఈగలు, చొంగ కారుతూ ఆ మూతి. ఆ రోజంతా నేను ఏదీ తినలేదు. ఈ పిచ్చి ముదిరిపోయింది.

సుభద్ర


పలాస,
10 ఆగస్టు

అక్కా,

మొక్కు లేదు. గుడి లేదు. రావివలస ఎవరూ వెళ్ళలేదు. గుండు నేనే గీశాను, మీ మరిది గడ్డం గీసుకునే బ్లేడుతో. పదకొండు గాట్లూ నావే.

జులై ఇరవై ఏడున సింధూర కాలేజీలో తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. గదికి బయట గడియ పెట్టి వెళ్ళాను. అదీ రాస్తున్నాను, చూశారా. రెండు గంటలు పట్టింది. తిరిగొచ్చి తలుపు తీస్తే అత్తయ్యగారు మంచం అంచున కూర్చుని జడ వేసుకుంటున్నారు. నూనె రాసుకున్నట్టు కుదుళ్ళ దాకా పట్టించారు. నూనె కాదు. పట్టించి, వేళ్ళతో దువ్వుకుని, పాపిడి తీసుకుని, మూడు పాయలు చక్కగా అల్లారు. చివర నా జాకెట్టుకి కుట్టుకుందామని తెచ్చుకున్న లేసుతో ముడి. నన్ను చూసి "ఎలగుందే గుంటా" అన్నారు. ఫ్యాను తిరుగుతోంది. కిటికీలు మూసి ఉన్నాయి. సగం అప్పటికే ఆరిపోయింది.

నాలుగుసార్లు రుద్దాను. దువ్వెన పళ్ళలో చిక్కుకుని రాలేదు. నీళ్ళ బకెట్లోనే వాంతి చేసుకున్నాను, ఆ బకెట్ పారబోసి ఇంకో బకెట్ పట్టాను. అయిదోసారి చెయ్యలేకపోయాను అక్కా. బ్లేడు తెచ్చాను. ఆవిడ ఒక్కచోట ఉంటారా? తల తిప్పినప్పుడల్లా ఒక గాటు పడింది. కింద పడిన జుట్టు ఏరి ఒళ్ళో పెట్టుకుని "నా తలకట్టు, నా తలకట్టు" అని ఏడ్చారు. ఆ జుట్టు ఆవిడ చేతుల్లోంచి లాక్కుంటుంటే నాకు జాలి వెయ్యలేదు. అసహ్యం వేసింది. జాలి ఎక్కడో ఉండే ఉంటుంది, వెతికే ఓపిక లేదు.

సాయంత్రం మీ మరిది చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "రావివలస ఎల్లొచ్చామని సెప్పేద్దారి, ఇంకెవలూ అడగరు" అన్నారు. నేను ఒప్పుకునే లోపే ఎదురింట్లో చెప్పొచ్చారు. దేవుడి పేరు ఎత్తితే ఎవరూ ఎందుకని అడగలేదు, అది నిజమే. మీరు తప్ప.

పాపం బావగారికి ఏం చెబుతారో మీ ఇష్టం. నన్ను ఒక్కటి అడగనివ్వండి. మీ ఉత్తరాలు చదివితే చుట్టాల మీద కోపం, బావగారి మీద కోపం, నా మీద కోపం. అత్తయ్యగారి మీద మీకు ఏముంది? మీకూ అసహ్యం వేస్తుందా, నేనొక్కదాన్నేనా? ఇది అడగడానికి నాకు ఇంకెవరూ లేరు.

బిందు


కంచిలి,
1 సెప్టెంబరు

బిందూ,

గుండు సంగతి మీ బావగారికి చెప్పలేదు. మొక్కు నిజమేనని, తొందరలో మాకు కబురు అందలేదని చెప్పాను. పసుపు రాసేవాళ్ళు రాస్తూనే ఉన్నారు. గాట్ల గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.

నువ్వు అడిగినదానికి మూడు వారాలు జవాబు రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తాను, చదివి చింపెయ్యి.

పదిహేను రోజుల కిందట ముద్ద పెడుతుంటే నా మొహం మీద ఉమ్మింది. అన్నం, చొంగ, కళ్ళలోకి, నోట్లోకి. నేను తిరిగి ఉమ్మాను. ఆమె మొహం మీదే. ఇద్దరం ఒకర్నొకరు చూసుకున్నాం. ఆమె నవ్వింది. నేను చెంగుతో ముందు ఆమె మొహం తుడిచాను, తర్వాత నాది తుడుచుకున్నాను. ఎవరూ చూడలేదు. నాకు యాభై మూడేళ్ళు.

శ్రీకర్ కడుపులో ఉన్నప్పుడు నాకు నాలుగు నెలలు వాంతులు. ఎత్తిపోసింది ఈమే. రాత్రీ పగలూ ఎత్తిపోసి, ఒక్కసారి మూతి తిప్పలేదు. అది గుర్తు తెచ్చుకుంటే ప్రేమ పుడుతుందని అంటారు చుట్టాలు. నాకు కోపం పుడుతుంది. ఈమెకి నా మీద వెయ్యని అసహ్యం నాకు ఈమె మీద ఎందుకు వెయ్యాలి? నేను ఈమె కంటే తక్కువ మనిషిననేగా.

కనుక నువ్వు ఒక్కదానివే కాదు. పడుకో హాయిగా.

ఎప్పటిలాగే ఒక్క మరక లేకుండా పంపుతున్నాను. కాస్త నీరసంగా ఉంది. ఎండలు ఇంకా తగ్గలేదు కదా. నీల్లు అన్న మాట కూడా ఈమధ్య గట్టిగా అనడం లేదు, పెదాలు మాత్రం ఆడిస్తోంది. గోల తగ్గింది, అదొక సుఖం.

సుభద్ర


పలాస, ఆసుపత్రి నుంచి,
6 సెప్టెంబరు

అక్కా,

మూడో తారీఖున అత్తయ్యగారు పిలిస్తే పలకలేదు. ఆ రోజు చేర్చిన సంగతి ఫోనులో మీకు తెలిసిందే. ఫోనులో తెలియనిది రాస్తున్నాను. ఈ ఉత్తరం మీరొక్కరే చదవాలి.

క్రియాటినిన్ అయిదు పాయింట్ రెండు. ఆ అంకె చెప్పగానే గదిలో ఉన్నవాళ్ళందరూ తలలూపారు. మీ మరిది గోడకి ఆనుకుని, "వొచ్చేసిందా అమ్మకి కూడా" అన్నారు. చూడ్డానికి వచ్చిన కూర్మయ్య మావయ్య, "ఉద్దానం నీల్లు ఎవల్నొదిలాయి" అన్నారు. పక్క మంచం వాళ్ళు కూడా అయ్యో అన్నారు. ఎవరికీ ఇంకో అనుమానం రాలేదు. మన వైపు మనిషికి కిడ్నీ పోయిందంటే కారణం అడిగేదెవరు?

డాక్టరమ్మ అడిగింది. చిన్నపిల్ల, ఈ ప్రాంతం మనిషి కాదు. అత్తయ్యగారి చేతి మీద చర్మం రెండు వేళ్ళతో పైకి లాగి వదిలింది. అది లేచినట్టే ఉండిపోయింది. నాలుక చూసింది, జీడిపప్పు పొట్టులా ఎండిపోయి ఉంది. నా వైపు తిరిగి, "రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతారు?" అంది. నేను "బాగానే తాగుతారండీ" అన్నాను.

తాగరు. నేను ఇవ్వను.

మీరు మరక లేకుండా పంపమన్నారు కదా. పంపే ముందు రెండు రోజులు అన్నం తగ్గించాను. ముందు రోజు పొద్దున్నుంచి నీళ్ళు ఆపేశాను. జులై ఆఖరున అలాగే పంపాను. అంతటితో ఆగి ఉంటే మీకు ఇంకోలా రాసేదాన్ని. అంతకు ముందే, మీ మొదటి ఉత్తరం అందిన వారంలోనే, ఒకరోజు నీళ్ళు ఆపి చూశాను, పక్క పొడిగా ఉంది. నేను రెండేళ్ళ తర్వాత ఒక పూటంతా ఎవరి పీతీ ముట్టకుండా కూర్చున్నాను. ఆ పొడి పక్క అలవాటైంది. సింధూర స్నేహితులు వస్తారంటే ఆపాను. చుట్టాలు వస్తారంటే ఆపాను. చివరికి నాకు నడుం నొప్పిగా ఉన్న రోజు కూడా ఆపాను. జులై నెలంతా మధ్యాహ్నం దాటితే ఆ ఇంట్లో ఆవిడకి నీళ్ళు లేవు.

ఈ ఒకటో తారీఖున మీరు పంపిన రోజు ఒకే ఒక గ్లాసు పట్టాను. జులైలో దిగీదిగగానే రెండు చెంబులు తాగి సోఫా పాడుచేసిన సంగతి గుర్తుంది నాకు. అందుకని ఒక్క గ్లాసే. "నీల్లియ్యవే గుంటా" అని పెదాలతో అంటున్నారు. పాత పిచ్చి అని మీరు నాకు రాశారు, నేనూ అలాగే అనుకున్నాను. ఏ పిచ్చీ కాదు అక్కా. దాహం.

మీరు మూడు పూటలా పెడతారు. మీ ఇంటి నుంచి బాగానే వచ్చి ఉంటారు. ఇదంతా నాదే. బావగారికి చెబుతారో, చెప్పరో మీ ఇష్టం. నాకు నా చేతుల మీద అసహ్యం వేస్తోందని రాస్తే అది కూడా గొప్పలు పోయినట్టుంటుంది, రాయను.

బిందు


కంచిలి,
7 సెప్టెంబరు

బిందూ,

నీ ఉత్తరం ఢిల్లీబాబు ఇవ్వగానే పశువుల శాలలోకి వెళ్ళి చదివాను. ఇప్పుడు వినాయకచవితి పూజకి పిలుస్తున్నారు, రానని చెప్పి రాస్తున్నాను.

మూడు పూటలా పెడతానని నీకు రాసింది నేనే కదా. అబద్ధం.

నేనే మొదలెట్టాను. మేలో సీటు చూసి ఢిల్లీబాబు ముక్కు మూసుకున్నాడే, ఆ మర్నాటి నుంచి. పొద్దున ఒక ముద్ద, సాయంత్రం ఒక ముద్ద. పంపే ముందు మూడు రోజులు అదీ లేదు, గంజినీళ్ళు మాత్రం. ఆఖరు రోజు గంజి కూడా లేదు. నువ్వు రెండు రోజులన్నావు, నాది మూడు. మరక లేకుండా పంపుతున్నానని అంత గొప్పగా రాశానే, ఎలా అని నువ్వొక్కసారి అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో.

దిగగానే రెండు చెంబులు తాగిందని నువ్వు జులైలో రాశావు. అది దాహమని చదవగానే నాకు తెలిసింది. తెలిసి, నిన్ను పుండు గురించి నిలదీశాను. ఇక్కడ ఆమె కుడితి తొట్టికి దేక్కుంటూ పోయిందని నీకు రాసిందీ నేనే. నాకు ఈగలు కనిపించాయి, చొంగ కనిపించింది. నువ్వు ఆపిన నీళ్ళ కోసం ఆమె అక్కడికి పోతే నేను రెక్క పట్టుకుని లాక్కొచ్చి, ఆ రోజు మళ్ళీ పక్క తడుపుతుందని నేనూ ఇవ్వలేదు. నువ్వు ఆపిన చోటు నుంచి నేను, నేను ఆపిన చోటు నుంచి నువ్వు. ఎవరికి వాళ్ళం అవతలి ఇంట్లో నిండుగా పెడుతున్నారనే ధైర్యంతో.

మీ బావగారు పొద్దున్నుంచి వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు, "ఆ మాయదారి రోగం మాయమ్మని కూడా ఒగ్గలేదు" అని. అందరూ నీళ్ళనే తిడుతున్నారు. నేను పక్కన నిలబడి అవునన్నాను. ముప్పై ఏళ్ళు బిందె మోసి ఆ నీళ్ళ నుంచి తన్ను తాను కాపాడుకుంది, మనల్నీ కాపాడింది. ఊరి నీళ్ళు చెయ్యలేని పని మనిద్దరం నీళ్ళు ఆపి చేశాం.

అత్త ఉండలు చుట్టిన రోజు వేసిన అసహ్యం సబ్బు పెడితే కొంతైనా పోయింది. చవితి ఉండ్రాళ్ళు చుట్టమని పిలుస్తున్నారు, నా చేతులు వంటింట్లో పెట్టాలని లేదు.

ఆ డాక్టరమ్మకి నిజం చెప్పు. నీ పేరు ఒక్కటే చెప్పకు, నా పేరు కూడా చెప్పు. వైద్యం దారి మారుతుందేమో. చెప్పి ఏమందో రాయి.

సుభద్ర


పలాస,
1 అక్టోబరు

అక్కా,

ఫోనులో క్రియాటినిన్ అంకెలు చెప్పుకుంటూ వచ్చాం, మిగతాది రాస్తున్నాను.

డాక్టరమ్మకి ఇద్దరి పేర్లూ చెప్పాను. ఆమె తిట్టలేదు. కాగితం మీద ఏదో కొట్టేసి ఇంకేదో రాసింది. సెలైన్లు మార్చింది. ఇది నీళ్ళు అందక వచ్చింది కనుక నీళ్ళు అందితే చాలావరకు తిరిగి రావచ్చంది. నిన్నటికి ఒకటి పాయింట్ తొమ్మిది. మునుపటి అంకె మళ్ళీ రాదట. బరువు ముప్పై ఏడు. మతి ఎక్కడ ఉందో అక్కడే ఉంది.

ఇంటికి పంపేటప్పుడు రోజుకి లీటరున్నర తాగించమంది. గ్లాసు గ్లాసుకీ గోడ మీద బొగ్గుతో గీత పెడుతున్నాను. మీకు అబద్ధం చెప్పను, అసహ్యం పోలేదు. నిన్న అయిదుసార్లు తడిపారు, రెండుసార్లు పీతి. అయిదోసారికి నేను బాత్రూములో గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ గ్లాసు పట్టాను. వాసనకి ముక్కు పక్కకి తిప్పుకునే పట్టాను. సింధూర ఇంకా చెంచాతోనే తింటోంది. తిననీ.

మీ మరిదికి గుండు సంగతి తెలుసు, నీళ్ళ సంగతి నిన్ననే చెప్పాను. "నానూ ఒక్కనాడైనా నీల్లియ్యలేదు కదా" అన్నారు. ఆ మాట వింటే పాపం అనిపించాలి. నాకు ఒళ్ళు మండింది, అయితే రేపటి నుంచి మీరే ఇవ్వండన్నాను.

పొద్దున అత్తయ్యగారికి రెండు ఇడ్లీలు, గ్లాసు పాలు, ఒక అరటిపండు పెట్టాను. ఆటో వచ్చేలోపు రెండు గ్లాసుల నీళ్ళు తాగించాను, ఇంకో సీసా నింపి సంచిలో పెట్టాను. సోంపేట దగ్గర ఆపి అది కూడా పట్టమన్నాను. "దారంతా పాడుసేత్తాది, ఒద్దే" అన్నారు మీ మరిది. ముందు సీట్లో బట్టల మూట పెట్టి తాడుతో కట్టించాను. ఆయన వెనకే కూర్చున్నారు, అమ్మని పట్టుకుని. ఢిల్లీబాబుకి సంగతి చెప్పాను, సీటు మీద ప్లాస్టిక్ గుడ్డ వాడే పరిచాడు.

మీ వాకిట్లో జనం ఉంటారని నాకు తెలుసు. చిన్నకోడలు ఎలా పంపిందో చూడండి అంటారు. అననివ్వండి. నాలుగు చీరలు, పాత దుప్పటి ముక్కలు పెట్టాను. నీళ్ళు కాచి ఉంచండి.

ఆటో ఆగేసరికి చీర పాడై ఉండాలి. ఒక్క మరక లేకుండా దిగారంటే దారిలో నీళ్ళు పట్టారో లేదో ముందు ఆయన్ని అడగండి. తర్వాత నన్ను అడగండి.

బిందు